కుంపటి దాకా వచ్చిన సరిహద్దు

రూపాయి ప్రయాణం – 7

గత భాగంలో రూపాయిని గల్ఫ్ తీరంలో వదిలిపెట్టి వచ్చాం. బొంబాయి షావుకార్ల వెంట ముత్యాల బేరానికి వెళ్లిన రూపాయి, జపాన్ పెంపుడు ముత్యాల దెబ్బకు ఆ వ్యాపారం కుప్పకూలాక కూడా తిరిగి రాలేదు. 1947లో ఇక్కడ జెండా మారింది. అక్కడ మాత్రం ఏమీ మారలేదు. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, మస్కట్‌లలో కూలివాడి జీతమూ చేపల ధరా రిజర్వ్ బ్యాంక్ నోట్లలోనే నడిచాయి. తన దేశంలో చెల్లే నోటు పరాయి దేశంలోనూ చెల్లుతుంటే ఏ ప్రభుత్వానికైనా గర్వంగా ఉంటుంది. ఆ గర్వం ఖరీదెంతో ఢిల్లీకి పదేళ్ల తర్వాత తెలిసింది.

కంచె ఎందుకు కట్టారంటే

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకూ సేవలూ తీసుకుని, వాటి సొమ్మును లండన్‌లో మన పేరిట జమ రాసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది దాదాపు 1,500 కోట్ల రూపాయలు. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక దాన్ని మంచినీళ్లలా తాగేసింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలకు యంత్రాలు కావాలి. యంత్రాలకు పౌండ్లో డాలర్లో కావాలి. 1957, 58 నాటికి ఖజానా అడుగు కనిపించింది. 1958 ఆగస్టులో అప్పు ఇచ్చే దేశాలన్నీ ఒకచోట కూర్చుని మనకు ఎవరెంత ఇవ్వాలో లెక్క వేసుకునే పరిస్థితి వచ్చింది.

అందుకే విదేశీ మారకం మీద ఆంక్షలు బిగిశాయి. పై దేశం పోయేవాడు ఎన్ని పౌండ్లు తీసుకెళ్లాలో రిజర్వ్ బ్యాంకే చెప్పేది. బంగారం దిగుమతి సంగతి సరేసరి. అనుమతి లేకుండా తేకూడదన్న నిబంధన 1947 నుంచే ఉంది, అనుమతి దాదాపు ఎవరికీ రాదు. మన కోలారు గనుల నుంచి ఏడాదికి వచ్చేది అయిదు టన్నులకు అటూ ఇటూ. ఈ దేశంలో ఒక్క మాఘమాసపు పెళ్లిళ్లకైనా అది చాలుతుందా?

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది. ప్రపంచమంతటా ఔన్సు బంగారం 35 డాలర్లని అమెరికా కట్టిన ధర. నాటి మారకం రేటు ప్రకారం అది తులానికి 62 రూపాయల 50 పైసలు. బొంబాయి జవేరీ బజారులో తులం ధర 1950ల చివర్లోనే వంద దాటింది, 1962 నాటికి 140కి చేరువైంది. అంటే అరేబియా సముద్రానికి ఆ ఒడ్డున ఒక ధర, ఈ ఒడ్డున దాదాపు రెట్టింపు. మధ్యలో తెరచాప పడవకు కొద్ది రోజుల ప్రయాణం.

నోట్లు తిరిగొచ్చే దారి

లండన్‌లోనో స్విట్జర్లాండ్‌లోనో కొన్న బంగారం విమానంలో దుబాయ్ చేరేది. అక్కడ అది నేరం కాదు, మామూలు దిగుమతి. మనవాళ్లు ‘బిస్కెట్’ అని పిలుచుకున్న పది తులాల కడ్డీ ఈ వ్యాపారం కోసమే పుట్టిందా అన్నట్టుండేది. అరచేతిలో ఇమిడిపోయేది, ఒంటికి కట్టుకుంటే గుచ్చుకోకుండా అంచులు నునుపుగా ఉండేవి. వంద అరలున్న గుడ్డ జాకెట్‌లో వంద బిస్కెట్లు పడితే పదకొండున్నర కిలోల పైచిలుకు బరువు. దాన్ని తొడుక్కున్నవాడు పడవలోంచి జారి నీళ్లలో పడితే మళ్లీ పైకి తేలడు.

బొంబాయికీ గుజరాత్ రేవులకూ బయట సముద్రంలోనే సరుకు చేతులు మారేది. 1961 డిసెంబరు దాకా గోవా, డామన్, డయ్యూ పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి అటునుంచీ ఒక దొడ్డిదారి. బంగారం దిగిపోయాక అమ్మకం సొమ్ము తిరిగి దుబాయ్ చేరాలి. అది ఎలా చేరేదన్నదే అసలు చిత్రం. రూపాయి నోట్లను కట్టలు కట్టి అవే పడవల్లో వెనక్కి పంపేవారు. గల్ఫ్‌లో రూపాయే చెల్లుబాటు డబ్బు కదా, అక్కడి బ్యాంకు మారు మాట్లాడకుండా జమ చేసుకునేది. అవసరానికి మించి నోట్లు పోగుపడితే ఆ బ్యాంకు వాటిని రిజర్వ్ బ్యాంకుకు పంపి, బదులుగా స్టెర్లింగ్ అడిగేది. ఇవ్వక తప్పేది కాదు.

ఇంకోలా చెబితే, దేశంలోకి దొంగతనంగా వచ్చిన బంగారానికి దేశ ఖజానాయే పౌండ్లలో బిల్లు కట్టేది. ఉక్కు కర్మాగారం యంత్రానికి దాచుకున్న పౌండ్లు! తీరంలో కస్టమ్స్ పడవ దొంగసరుకు కోసం గాలిస్తుంటే, బొంబాయిలో రిజర్వ్ బ్యాంకు కౌంటర్లో అదే సరుకు తాలూకు సొమ్ము చట్టబద్ధంగా చెల్లింపు అయ్యేది.

ఈ చిల్లు పూడ్చడానికే 1959లో చట్టం సవరించి గల్ఫ్ కోసం వేరే రూపాయి అచ్చువేశారు. అదే బొమ్మ, అదే విలువ. రంగు మాత్రం వేరు, వరస సంఖ్య ముందు ‘జెడ్’ అక్షరం. ఈ నోటు గల్ఫ్‌లో చెల్లుతుంది, భారతదేశంలో చెల్లదు. మామూలు రూపాయి ఇక్కడ చెల్లుతుంది, అక్కడ చెల్లదు. హజ్ యాత్రికులకు కూడా ఆ ఏడాదే ప్రత్యేకమైన నోట్లు వేశారు. పాత నోట్లు మార్చుకోవడానికి గల్ఫ్ జనానికి కొద్ది వారాల గడువిచ్చారు.

నిజం చెప్పాలంటే ఇది తెలివైన పనే. దొంగ వ్యాపారాన్ని పట్టుకోలేనప్పుడు దాని డబ్బు దారి మూసేయాలని ఆలోచించిన ఆ అధికారులెవరో గానీ వాళ్ల బుర్రను మెచ్చుకోవాలి. నోట్ల కట్టల ప్రయాణం ఆగింది. బంగారం ప్రయాణం ఆగలేదు. ధరల తేడా అలాగే ఉంది మరి. సొమ్ము వేరే రూపాల్లో వెళ్లడం మొదలైంది. ఎగుమతి బిల్లులో ధర తక్కువ వేసి మిగతాది బయటే ఉంచుకోవడం ఒక పద్ధతి. మాట మీద నడిచే హవాలా ఇంకోటి. 1960ల చివరికి మన వెండి అదే పడవల్లో దుబాయ్‌కి పోసాగింది. నానమ్మల కాళ్ల కడియాలు కరిగి, బిస్కెట్ల ఖరీదు కింద సముద్రం దాటాయి.

దుబాయ్ అప్పట్లో

ఆకాశహర్మ్యాల దుబాయ్‌ని కాసేపు మరచిపోవాలి. 1966 దాకా అక్కడ చమురు జాడే లేదు. ఉన్నది ఒక ఉప్పుటేరు, దాని ఒడ్డున మట్టి ఇళ్లు, గాలిగోపురాలు. ఏరు పూడిపోతోంది, పడవలు రాకపోతే ఊరికి బతుకు లేదు. పాలకుడు షేక్ రషీద్ అప్పు తెచ్చి ఏరు తవ్వించాడు. 1961 నాటికి పని పూర్తయింది. సుంకాలు తక్కువ, ప్రశ్నలు ఇంకా తక్కువ. అదే ఆ ఊరి పెట్టుబడి.

బంగారం పడవకు వాటాలు అమ్మేవారు. పెద్ద షావుకారే కాదు, చిల్లర కొట్టువాడు కూడా ఒక ప్రయాణంలో కొంత సొమ్ము పెట్టి, పడవ క్షేమంగా తిరిగొస్తే లాభం పంచుకునేవాడు. ఒక పడవ దొరికిపోతే నాలుగు పడవల లాభంలో ఆ నష్టం సర్దుకునేది. 1960ల చివరికి ఆ చిన్న ఊరి మీదుగా సాగే బంగారం ఏడాదికి వంద టన్నులు దాటింది. కోలారు గనుల అయిదు టన్నుల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. అనుమతి పత్రాలతో ఢిల్లీ నడుపుతున్న ఆర్థిక వ్యవస్థ ఒకటైతే, ఈ ఏటి ఒడ్డు నడుపుతున్నది ఇంకొకటి. రెండూ రూపాయి మీదే బతికాయి.

1963 జనవరి

1962 అక్టోబరులో చైనా యుద్ధం వచ్చింది. జనం కదిలిపోయి రక్షణ నిధికి ఒంటి మీది బంగారం ఇచ్చారు. ఇందిరా గాంధీ తన నగలు ఇచ్చారు. ఊళ్లలో సభలు పెట్టి గాజులు, ఉంగరాలు పోగుచేశారు. ఆ ఊపు చూసి ప్రభుత్వం నవంబరులో బంగారు బాండ్లు తెచ్చింది. మీ బంగారం ఇవ్వండి, ఎక్కడిదని అడగం, ఆరున్నర శాతం వడ్డీ ఇస్తాం అంది. అయితే బంగారానికి కట్టిన ధర అంతర్జాతీయ ధర, పది గ్రాములకు 53 రూపాయల 58 పైసలు. బజారులో దానికి రెండింతలు పలుకుతోంది. దేశం కోసం ఉచితంగా ఇచ్చిన ఇల్లాలే సగం ధరకు అమ్మమంటే ముఖం తిప్పుకుంది. మొత్తం మీద వచ్చింది 16 టన్నుల పైచిలుకు.

బాండ్ల మాట వచ్చింది కాబట్టి హైదరాబాదులో ఇప్పటికీ వినిపించే కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి అడిగితే నిజాం అయిదు టన్నుల బంగారం దానం చేశాడని చెబుతారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నిజానికి ఇచ్చింది 425 కిలోలు, అదీ దానంగా కాదు, ఆ ఏటి రక్షణ బంగారు పథకంలో వడ్డీ వచ్చే పెట్టుబడిగా. పిసినారిగా పేరుపడ్డ మనిషి చేసిన లెక్కలో తప్పేమీ కనపడదు నాకు.

సరే, బాండ్లు ఫలించలేదు. అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్. బొంబాయి రాష్ట్రంలో మద్యనిషేధం అమలు చేసి, దొంగసారా పుట్టడం కళ్లారా చూసిన మనిషి. నిషేధం మీద ఆయన నమ్మకం అయినా చెక్కుచెదరలేదు. బంగారం మీద మోజు ఒక వ్యసనమనీ, సరుకు రాకుండా ఆపలేకపోతే కోరికనే చంపాలనీ ఆయన వాదం. 1963 జనవరి 9న బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. అప్పటికే ఉన్న నగలు ఉంచుకోవచ్చు. నగ కాని బంగారం ఉంటే లెక్క చెప్పాలి. కొత్తగా ఏ నగ చేసినా 14 క్యారెట్లు మించకూడదు.

22 క్యారెట్లంటే నూటికి దాదాపు 92 పాళ్లు బంగారం. 14 అంటే 58 పాళ్లు. మిగతా 42 పాళ్లు రాగి, వెండి. అలాంటి నగ ఎవరూ కోరరు, కోరకపోతే బిస్కెట్ కొనేవాడుండడు, కొనేవాడు లేకపోతే పడవ రాదు. కాగితం మీద ఈ వరస ఎక్కడా తెగదు. ప్రభుత్వానికి వేల కిలోమీటర్ల తీరాన్ని కాపలా కాసే శక్తి లేదు. అందుకని సరిహద్దును తీరం నుంచి లోపలికి జరిపి, ఊరూరా కంసాలి కుంపటి దగ్గర గీసింది.

దాగలి ముందు కూర్చున్నవాడు

కంసాలి పనిముట్లన్నీ ఒక చెక్కపెట్టెలో పడతాయి. దాగలి, చిన్న సుత్తి, పట్టకారు, ఊదుగొట్టం, తీగ సాగదీసే కమ్మచ్చు, గీటురాయి, గురిగింజలతో తూచే త్రాసు. దుకాణమంటే ఇంటి అరుగే. తరుగు ఎక్కువ తీస్తాడని అతని మీద ఎన్ని సామెతలు కట్టినా, పిల్లకు సంబంధం కుదరగానే ఊరు వెళ్లేది అతని దగ్గరికే. పుస్తెలు చేయించాలంటే ముహూర్తం చూసి బంగారం అప్పగిస్తారు. చేసినంతసేపూ ఇంటి మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటారు. అది అనుమానమూ కావచ్చు, ఆచారమూ కావచ్చు.

ఆ మనిషికి 14 క్యారెట్లు కొత్త లోహంతో సమానం. గట్టిగా ఉంటుంది, సుత్తికి లొంగదు, పలచగా కొడితే పగులుతుంది. తాతల నాటి అతుకు దీనికి సరిపోదు, రంగు తేలిపోతుంది. నకాషీ పని చేసే చేతికి అది చేదు. ఒకవేళ కష్టపడి చేసినా కొనేదెవరు? ‘ఇది బంగారమా, ఇత్తడా’ అని వియ్యపురాలు అడిగితే ఆడపిల్ల తల్లి ఏం చెప్పాలి?

కొన్ని వారాల్లోనే అరుగుల మీద కుంపట్లు చల్లారాయి. దేశంలో లక్షల కుటుంబాలకు అదే బతుకు. పొలం లేదు, మరో విద్య రాదు. స్వర్ణకారుల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి, పార్లమెంటు అట్టుడికింది. ప్రభుత్వం అప్పులిస్తామంది, పిల్లలకు చదువులో రాయితీలంది, ఉద్యోగాల్లో వయసు సడలింపు అంది. నలభై ఏళ్లు నకాషీ చేసిన చేయి ఏ ఆఫీసులో చేరుతుంది?

ఈ కథలో నన్ను కలవరపెట్టేది ఇదే. వంద బిస్కెట్ల జాకెట్‌ను సముద్రంలో పట్టుకోవాలంటే పడవలు కావాలి, వేగులు కావాలి, లంచానికి లొంగని అధికారులు కావాలి. అరుగు మీది కంసాలిని పట్టుకోవాలంటే ఒక ఇన్‌స్పెక్టరూ ఒక రిజిస్టరూ చాలు. నియంత్రణ బరువంతా చేతికి అందేవాడి మీద పడింది. అందనివాడు, ఉదాహరణకు బొంబాయి రేవులో కూలీగా మొదలైన హాజీ మస్తాన్, తెల్ల సూటు వేసి బెంజి కారెక్కాడు.

మొరార్జీని మూర్ఖుడిగా చూపించి నవ్వుకోవడం తేలిక, అది న్యాయం కాదు. అప్పటికి అమెరికాలోనే సామాన్యుడు బంగారపు కడ్డీ దాచుకోవడం నేరం. 1933లో రూజ్‌వెల్ట్ జనం దగ్గరున్న బంగారాన్ని బ్యాంకులకు అప్పగించమన్నాడు. ఆ నిషేధం 1974 చివరి దాకా నడిచింది. బ్రిటన్ తన మారకపు ఆంక్షల్ని 1979 దాకా వదలలేదు. సరిహద్దు లోపల డబ్బును అదుపులో పెట్టాలన్నది ఆ కాలమంతా ఒప్పుకున్న సంగతి. కాకపోతే అక్కడ బంగారమంటే డబ్బు. దాని బదులు కాగితమిస్తే సరిపోయింది. ఇక్కడ అది స్త్రీధనం. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో పాటు ఆడపిల్లకు పుట్టుకతో వాటా లేని రోజులవి. మెడలోని కాసులపేరే ఆమెకు తనదని చెప్పుకోగల ఆస్తి, కరువొస్తే తాకట్టుకు పనికొచ్చే బ్యాంకు. ఢిల్లీ లెక్కల్లో అది ‘పనికిరాని పొదుపు’. లెక్కలు వేసినవాళ్లలో ఆ పొదుపు మీద బతికినవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది వేరే ప్రశ్న.

వెనకడుగులు

సీనియర్ నేతలు పదవులు వదిలి పార్టీ పనికి వెళ్లాలన్న కామరాజ్ ప్రణాళిక కింద 1963 ఆగస్టులో మొరార్జీ పదవి వదిలారు. ఆయన స్థానంలో టి.టి. కృష్ణమాచారి వచ్చారు. కొద్దికొద్దిగా సడలింపులు మొదలయ్యాయి. ఖాతాదారు పాత నగను అదే మేలిమితో తిరగచేయడానికి కంసాలికి అనుమతి వచ్చింది. ఆ కిటికీ చాలు. ఏ బిస్కెట్ కరిగినా ‘పాత నగే’ అయిపోయింది! 1966లో కంసాలులు ఢిల్లీ వీధుల్లో సత్యాగ్రహం చేశారు. ఆ ఏడాదే 14 క్యారెట్ల నిబంధన ఎత్తేశారు. తులం ధర మాత్రం దిగలేదు, పడవలు ఆగలేదు.

గల్ఫ్ రూపాయి కథా అదే ఏడాది ముగింపుకొచ్చింది. కువైట్ 1961లోనే సొంత దీనార్ వేసుకుని మన నోట్లు తిప్పి పంపింది. 1965లో బహ్రెయిన్ అదే పని చేసింది. 1966 జూన్ 6న ఢిల్లీ రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నరకు ఎగబాకింది. ఆ నిర్ణయంలో ఖతార్ బేహారికి, దుబాయ్ కూలీకి ప్రమేయం లేదు. అయినా వాళ్ల పెట్టెలోని సొమ్ము కూడా రాత్రికి రాత్రే కరిగిపోయింది. పరాయి దేశపు డబ్బుతో బతికితే ఎవరి కరువుకు ఎవరు పస్తులుండాలో వాళ్లకు అర్థమైంది. కొద్ది నెలల్లో ఖతార్, దుబాయ్ కలిసి సొంత రియాల్ తెచ్చుకున్నాయి. దాని విలువ, తగ్గింపుకు ముందున్న రూపాయి విలువే. అబూధాబీ బహ్రెయిన్ దీనార్ పట్టుకుంది. ఒమన్ ఒక్కటీ 1970 దాకా గల్ఫ్ రూపాయిని వదల్లేదు.

అలా వందేళ్లకు పైగా అరేబియా సముద్రం చుట్టూ తిరిగిన రూపాయి ఇంటికొచ్చి తలుపేసుకుంది. అదే సమయానికి ఆ తలుపు కిందుగా మనుషులు గల్ఫ్‌కు పోవడం మొదలైంది. దాని వెనక కొత్త రకం సొమ్ము రావడమూ మొదలైంది.

మొరార్జీ దేశాయ్ మళ్లీ ఆర్థికమంత్రిగా వచ్చి 1968లో బంగారు నియంత్రణను ఏకంగా చట్టం చేయడం, ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లను సుప్రీంకోర్టు కొట్టేయడం, ఎమర్జెన్సీలో స్మగ్లర్ల అరెస్టులు వచ్చే భాగంలో. వాటితో పాటే కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లిన మన వాళ్ల జీతం డబ్బు బ్యాంకును కాదని హవాలా దారిలో ఊరెందుకు చేరిందో కూడా చూద్దాం.

(సశేషం)